పడవ ముక్కు కింద జానెడు వార్నిష్

జర్మనీలో వాల్డార్ఫ్ దగ్గర ఆ ఇంట్లో దిగిన మొదటి వారమే, కింద వాటాలో ఒంటరిగా ఉండే మా ఇంటి ఓనర్ నా చెత్తడబ్బా మూత తీశాడు. ప్లాస్టిక్ వేసే పసుపు డబ్బాలో పడాల్సిన పెరుగు కప్పును రెండు వేళ్ళతో పైకెత్తి, వీధిలో అందరికీ కనబడేలా ఊపాడు. నేను మరిచిపోలేదు.

అయినా కరోనా రెండో వసంతంలో ఆయన పడవ గీకడానికి ఒప్పుకున్నాను. చెక్క పడవ, పెరట్లో ట్రెయిలర్ మీద ఉండేది. ఎండకి అంచుల మీది వార్నిష్ పొక్కులెక్కి పొట్టులా రాలుతోంది. ఆయనకేమో మోకాళ్ళు వంగవు.

"పాతదంతా తీసేస్తే కొత్తది పొడుగు పిడి కుంచెతో నేను పూసుకుంటాను. రైన్ నదిలో మొదటి షికారు మీదే, ముందు సీట్లో," అన్నాడు.

వర్క్ ఫ్రమ్ హోమ్‌లో గోడలు చూసి చూసి విసిగి ఉన్నాను. ఆ సీటు కోసం ఓడనైనా గీకేవాణ్ణి.

నా భార్య వేడిగాలి ఊదే హీట్ గన్ పట్టుకునేది. ఒక్కచోట ఆపితే చెక్క మాడుతుందని మెల్లగా జరుపుతూ పోయేది. వార్నిష్ మెత్తబడి ఉబ్బగానే వెనకాలే నేను స్క్రేపర్‌తో గీకేవాణ్ణి. ముదురు బెల్లం పాకం రంగులో చుట్టలు చుట్టుకుని ఊడేది. ఓనర్ మాస్కులోంచి నాకు, "చెక్క గీతల వెంట గీకండి, అడ్డంగా కాదు," అని చెప్పేవాడు. ఆవిడకి మాత్రం, "అద్భుతం." ఇదీ మరిచిపోలేదు.

ముక్కు కింద, వంగితే తప్ప అందని చోట జానెడు మిగిలిందనగా ఆయన తీరిగ్గా చెప్పాడు. కరోనా రూల్ ప్రకారం వేరే కుటుంబం నుంచి ఒక్కరే ఎక్కాలట. నా భార్యని తీసుకెళ్తాడట. ఆవిడకి ఈత వచ్చు కదా అట.

స్క్రేపర్ జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం మిగిలింది గీకమని అడిగాడు. "ఇప్పుడు చప్పుడు చేయకూడదు కదండీ," అన్నాను. మధ్యాహ్నాలూ ఆదివారాలూ చప్పుడు చేయొద్దని, మా మిక్సీ మోతకి మెట్ల దగ్గర కాగితం అంటించింది ఆయనే. తర్వాత ఆదివారం అడిగాడు. "ఆదివారమండీ," అన్నాను. సోమవారం దగ్గరకొచ్చి నిలబడితే, "కరోనా దూరం, ఒకటిన్నర మీటరు," అంటూ వెనక్కి జరిగాను.

"పెరుగు కప్పు దగ్గర మొదలుపెట్టి ఇక్కడిదాకా లాక్కొచ్చావా?" అంది నా భార్య.

"మాట నాకిచ్చాడు."

"నేను వెళ్ళొస్తే నీ సొమ్మేం పోయింది? ఆ స్క్రేపర్ ఇటివ్వు."

ఇవ్వలేదు.

పాత వార్నిష్ జానెడున్నా కొత్తది పూయడానికి ఓనర్‌కి చేయి రాదు. బుధవారం నేను పెరటి కంచె దగ్గరుంటే వచ్చాడు. "రెండుసార్లు తిప్పుతాను. ముందు ఆవిడ, తర్వాత మీరు."

"మొదటి షికారు అన్నారు."

పడవ ముక్కు వైపు ఓసారి చూశాడు. "సరే. ముందు మీరే."

కాఫీ చల్లారేలోపు ఆ జానెడూ గీకేశాను. గీతల వెంటే.

కొత్త వార్నిష్ పూతలన్నీ ఆరాక ముందు సీట్లో కూర్చున్నాను. గట్టు మీద నా భార్య సైకిల్ పట్టుకుని నిలబడింది. చెయ్యి ఊపాను. తను ఊపలేదు. మేం తిరిగొచ్చేసరికి వాన పట్టుకుంది, ఆవిడ వంతు రాకముందే ఓనర్ పడవకి పట్టా కప్పేశాడు.

ఇంటికొచ్చాక, "కోపమా?" అని అడిగాను.

"లేదు," అంది.

ఆ 'లేదు' నాకు బాగా తెలుసు. నేనూ సరిగ్గా అలాగే అంటాను.