బొంతలో చాకు

పిచ్చమ్మకు ప్రయాణమంటే కాలు ఒకచోట నిలవదు. తిరువూరు నుంచి విస్సన్నపేట దాకా వెళ్ళి రావాలన్నా, తాళం వేసి వీధి చివరిదాకా పోయి, మళ్ళీ వెనక్కొచ్చి తాళం లాగి చూసుకునే మనిషి. బస్సెక్కాక పొయ్యి ఆర్పానా లేదా అని పక్కసీటు వాళ్ళ ప్రాణం తోడేస్తుంది. అలాంటి మనిషిని పంతొమ్మిది వందల డెబ్భై ఆరు ఎండాకాలంలో ఏకంగా విమానం ఎక్కమన్నారు.

ఎక్కమన్నది అల్లుడు అంకారావు. ఢిల్లీలో ఇంజనీరు. కూతురు సరోజిని పుట్టింట్లో ఆడపిల్లను కంది. మూడో నెల నిండగానే, తనకు సెలవు దొరకలేదని చెప్పి, అత్తకూ భార్యకూ హైదరాబాదు నుంచి విమానం టికెట్లు కొని పంపాడు. పసిబిడ్డతో రెండు రోజులు రైల్లో వద్దే వద్దని రాశాడు. ఎందుకు రాశాడో ఇంట్లో అందరికీ తెలుసు. మూడేళ్ళ కిందట తొలికాన్పు మగబిడ్డ ఇలాంటి ఎండల్లోనే రైలెక్కాడు. నాగపూరు దాటాక జ్వరం తగిలింది. ఢిల్లీ చేరిన వారం తిరక్కుండానే పోయాడు.

వడదెబ్బ అన్నారు డాక్టర్లు. అల్లుడూ అదే అన్నాడు. పిచ్చమ్మ మాత్రం నమ్మలేదు. పసిబిడ్డ గడప దాటితే పక్కన ఇనుప ముక్క ఉండాలి. గాలీ ధూళీ సోకకుండా వాళ్ళింట్లో తరతరాలుగా అలాగే పెడుతున్నారు. ఆ రోజు కూడా బయల్దేరే ముందు ఆవిడ బిడ్డ పక్కన చిన్న చాకు పెట్టింది. తీసుకెళ్ళడానికి వచ్చిన అంకారావు నవ్వుతూ దాన్ని తీసి ఇంటి కిటికీలో పెట్టేశాడు. "ఈ రోజుల్లో కూడా ఇవేంటండీ అత్తయ్యగారూ?" అన్నాడు. ఆ నవ్వును పిచ్చమ్మ మర్చిపోలేదు, క్షమించనూ లేదు.

ఈసారి ఆ అవకాశం ఎవరికీ ఇవ్వదలచుకోలేదు. పాత చీరలతో బొంత కుట్టింది. దాని అంచులో ఆ చాకునే పెట్టి, దగ్గర దగ్గరగా కుట్లు వేసేసింది. కూతురికి కూడా చెప్పలేదు. చెబితే మొగుడి మాట అందుకుంటుందని భయం.

పొరుగింటి సుగ్రాబీ వచ్చి విమానం సంగతులు చెప్పింది. ఆమెకు ఎవరు చెప్పారో మరి! "ఎక్కే ముందు ఒళ్ళంతా తడిమి చూస్తారంట అక్కా. భయపడమాకు, ఆడోళ్ళని ఆడోళ్ళే చూస్తారంట" అంది.

పిచ్చమ్మ గుండెల్లో రాయి పడింది. అయినా ధైర్యం చెప్పుకుంది. జిల్లా దాటే చోట బియ్యం చెక్‌పోస్టు ఆవిడ ఎరగనిదా? సంచులు విప్పుతారు, బస్సు పైకెక్కి చూస్తారు. చంకలో బిడ్డ జోలికి మాత్రం ఎవడూ రాడు. విమానం వాళ్ళు మాత్రం మనుషులు కారా?

భర్త వీరరాఘవయ్య బస్సులో వాళ్ళను హైదరాబాదు తీసుకొచ్చి, బేగంపేటలో లోపలికి పంపి బయటే ఆగిపోయాడు. అక్కడినుంచి పిచ్చమ్మ అవస్థ చెప్పనలవి కాదు. కూర్చుంటే లేస్తుంది, లేస్తే కూర్చుంటుంది. "మన పేరు పిలిచారా? టికెట్లు ఉన్నాయా? అదేనా మన విమానం?" అని కూతుర్ని నంజుకు తింది. బిడ్డను మాత్రం చేతుల్లోంచి దించలేదు.

ఆడవాళ్ళ తనిఖీ ఒక పరదా వెనక. లోపల ఖాకీ చీరలో పోలీసావిడ నిలబడి ఉంది. సరోజినిని చూసి పక్కన నిలబడమంది. పిచ్చమ్మను తడిమింది. ఆ తర్వాత, ఏ చెక్‌పోస్టులోనూ జరగని పని జరిగింది. ఆవిడ బొంత మీద చెయ్యి వేసింది. అంచు దగ్గర వేళ్ళు ఆగిపోయాయి.

"ఏందమ్మా ఇది?"

"బిడ్డ బొంతమ్మా."

"బొంతల గట్టిగున్నదేంది?"

పిచ్చమ్మ బిడ్డను బొంతతో సహా వెనక్కి లాక్కోబోయింది. పోలీసావిడ బిడ్డను సరోజినికి అందించి, కుట్లు తెంపింది. చాకు బయటపడింది. విమానాలను దారి మళ్ళించే దొంగల కోసం వెతికే చోట, పాలు తాగే బిడ్డ పక్కలో చాకు! సరోజిని మొహం పాలిపోయింది.

"అమ్మా, ఏంటే ఇది? ఎందుకు చేశావే ఇలా?"

"పెద్దోడికి జరిగింది మర్చిపోయావా?" అంది పిచ్చమ్మ. అంతే, ఏడుపు ఆగలేదు. వెక్కుతూనే పోలీసావిడకు అంతా చెప్పేసింది. రైలు, జ్వరం, కిటికీలో ఉండిపోయిన చాకు.

పోలీసావిడ అంతా విన్నది. "మా దిక్కు గూడ పెడ్తరు పెద్దమ్మా. నా బిడ్డకు నేనూ పెట్టిన. కానీ దీన్ని లోపలికి పోనియ్య. బిడ్డను తీస్కపోతవా, చాకు పట్టుకొని వాపస్ పోతవా, నువ్వే చెప్పు" అంది.

బయట విమానానికి పిలుపు వినిపించింది. పిచ్చమ్మ చాకు వంక చూసింది, బిడ్డ వంక చూసింది. చాకు అక్కడే వదిలేసి బయటికొచ్చింది. తన చేతులతో తనే బిడ్డకు కీడు చేస్తున్నాననుకుంటూ, సరోజిని దగ్గర్నుంచి బిడ్డను అందుకుని గుండెకు అదుముకుంది.

"విమానమంతా ఇనుమే కదమ్మా" అని కూతురు సముదాయించింది. ఆ మాట కాస్త ఊరటనిచ్చింది. కానీ ఊరుకుంటే పిచ్చమ్మ ఎందుకవుతుంది? మెట్ల దగ్గర సూటు వేసుకున్న పెద్దమనిషిని ఆపి మరీ అడిగింది.

"ఇనుము కాదమ్మా, అల్యూమినియం. మన సత్తుగిన్నెలు ఉంటాయే, అదే" అన్నాడాయన ఉత్సాహంగా.

ఆవిడకు ఉన్న కాస్త ప్రాణమూ పోయింది. సత్తుగిన్నెలో కూర్చుని ఢిల్లీ దాకా బిడ్డ నుదురు తడుముతూనే ఉంది. వేడిగా ఉన్నట్టే ఉంది, చల్లగా ఉన్నట్టూ ఉంది. దిగేటప్పుడు బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే, అయిపోయిందనుకుంది. దారిపొడుగునా అల్లుణ్ణి మనసులో తిడుతూనే ఉంది.

ఢిల్లీలో అంకారావు కటకటాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ప్రయాణం ఎలా జరిగిందని అడగలేదు. భార్యతో మాట్లాడలేదు. తిన్నగా వచ్చి పిచ్చమ్మ చేతుల్లోంచి బిడ్డను అందుకుని, అటు తిరిగాడు. సరోజిని సామాను కోసం వెళ్ళింది. పిచ్చమ్మ మాత్రం అల్లుడి మీంచి చూపు తిప్పలేదు.

అతను జేబులోంచి రుమాలు తీశాడు. అందులో చిన్న ఇనుప తాళంచెవి ఉంది. గబగబా బిడ్డ పొత్తిళ్ళలో దాన్ని దోపుతున్నాడు. తలెత్తి అత్తగారిని చూసేసరికి చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇంజనీరుగారి మొహం ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇన్నాళ్ళూ బిడ్డ పోయిన బాధ తనకూ తన కూతురికే అనుకుంది పిచ్చమ్మ. ఈ మనిషి రాత్రిళ్ళు ఆ కిటికీనే తల్చుకుంటూ ఉండి ఉంటాడని ఆవిడకు ఒక్కసారి కూడా తట్టలేదు. మూడేళ్ళుగా దాచుకున్న కోపం ఎటు పోయిందో ఆవిడకే తెలియలేదు.

దగ్గరికి వెళ్ళి బిడ్డ మీద గుడ్డ సర్దింది.

"జారిపోతుంది నాయనా," అంది మెల్లగా, "ఇంకాస్త లోపలికి పెట్టు."