అక్క మోసిన జట

మొన్న సోమవారం పాప తల తుడుస్తుంటే మెడ వెనక, కుడి చెవికి కాస్త కింద, వేలికి ఒక ముద్ద తగిలింది. నాలుగేళ్ల పిల్ల, మూడు వారాలు జ్వరంతో మంచం పట్టి అప్పుడే లేచింది. తల దిండుకు రాసుకుని ఉంగరాల జుట్టు చిక్కుపడి ఉంటుందనుకున్నాను. దువ్వెన పెడితే పళ్లు లోపలికి దిగలేదు. నిమ్మకాయంత ముద్ద, నొక్కితే గట్టిగా ఉంది. పక్కన చిక్కుడుకాయలు తుంచుతున్న మా అత్తమ్మ చేయి చాచి పట్టి చూసింది. వెంటనే చేయి వెనక్కి తీసుకుని రెండు చేతులూ జోడించింది. "దువ్వెన తియ్యి బిడ్డా," అంది మెల్లగా. "జట కట్టింది. ఎల్లమ్మ తల్లి వచ్చినట్టున్నది. పిలగాడు బాయిల ఉన్నడు, ఇప్పుడేం ముట్టకు." పిలగాడంటే మా ఆయన. బాయి అంటే మా దగ్గర బొగ్గు గని. నేను డిగ్రీలో కెమిస్ట్రీ చదువుకున్నదాన్ని. అయినా దువ్వెన తీసి కిటికీలో పెట్టేశాను. ఎందుకు పెట్టానో నాకే అర్థం కాక, పాప పడుకున్నాక ఇది రాస్తున్నాను.

గోదావరిఖనిలో మాది రెండు గదుల క్వార్టర్. నాన్నను మేము బాపు అనేవాళ్లం. బాపు డ్యూటీ దిగి వస్తే చూడ్డానికి కళ్లు, నవ్వితే పళ్లు, మిగతాదంతా బొగ్గు. ఒంటి సబ్బుకు ఆ నలుపు లొంగేది కాదు. బట్టల సబ్బు బిళ్లను దారంతో రెండు ముక్కలు చేసి, ఒకటి బట్టలకు, ఒకటి బాపుకు పెట్టేది అమ్మ. రానురాను ఆ రెండో ముక్క ఇంటిల్లిపాదికీ అయింది. అమ్మకు బొగ్గుతో పాతపగ. ఆరేసిన చీర మీద, మూతలేని బిందెలో, పెరుగు మీద కూడా దాన్ని వెతికేది. ఆదివారం మా తలలు ఆమెకు చిక్కేవి. సబ్బు రుద్ది, నీళ్లు పోసి, వెంట్రుకలను రెండు వేళ్ల మధ్య పట్టి లాగి చూసేది. కిర్రుమనాలి. "కిర్రుమంటలేదు, ఇంక బొగ్గున్నది," అని మళ్లీ రుద్దేది. నాది అమ్మ పోలిక, చీపురుపుల్లల్లాంటి జుట్టు. ఎట్లాగో ఓర్చుకునేది. నాకన్నా ఎనిమిదేళ్లు పెద్దదైన అక్కది మాత్రం బాపు తల్లి, మా బాపమ్మ జుట్టు. తడిస్తే నడుం దాకా వచ్చేది, ఆరితే భుజాల మీదికి ఎగిరి చుట్టలు చుట్టుకునేది. కీళ్లనొప్పులతో మూలకు పడకముందు బాపమ్మే దానికి కుంకుడుకాయ రసంతో తలంటేది. అమ్మ చేతికి వచ్చాక, "గా నురుగుకు బొగ్గు వోతదా?" అని కుంకుళ్ల డబ్బా అటక ఎక్కించింది.

అప్పుడు జరిగిందేమిటో ఇప్పుడైతే చెప్పగలను. పులుపునూ క్షారాన్నీ కొలిచే కొలత ఒకటుంది, పీహెచ్ అంటారు. మంచినీళ్లది ఏడు. అంతకు తగ్గితే పులుపు, పెరిగితే క్షారం. మన మాడు, జుట్టు కొద్దిగా పులుపు వైపు, ఐదు దగ్గర, హాయిగా ఉంటాయి. కుంకుడు రసం కూడా ఇంచుమించు అటువైపుదే. బట్టల సబ్బు తొమ్మిది, పది దాటుతుంది. వెంట్రుక పైపొర చేప పొలుసులా ఉంటుంది. క్షారం తగిలితే ఆ పొలుసులు లేచి నిలబడతాయి. లోపలి తేమ పోతుంది. ఒక వెంట్రుక పొలుసు ఇంకో వెంట్రుకను పట్టుకుంటుంది. తిన్నని జుట్టు మీద మాడులోని జిడ్డు చివరిదాకా జారుతుంది గానీ, ఉంగరాల జుట్టులో ప్రతి వంపు దగ్గరా ఆగిపోతుంది. అందుకే ఆ జుట్టుకు ఎప్పుడూ దాహమే. దానికి తోడు మా బోరు నీళ్లు, సబ్బును తెల్లటి తెట్టుగా చేసి తలలోనే వదిలేవి. అమ్మ విన్న ఆ కిర్రుమనే చప్పుడు శుభ్రానిది కాదు, ఎండిన వెంట్రుకలు ఒకదాన్నొకటి గీరుకున్న చప్పుడు. అమ్మ అది విని తృప్తిగా చివరి చెంబు దిమ్మరించేది.

అక్క పదో తరగతిలో ఉండగా టైఫాయిడ్ వచ్చింది. నెల రోజులు మంచం మీదే. లేచేసరికి మెడ వెనక పిడికెడు ముద్ద. బడికి పోతే, "ఏందే, పిట్టగూడు నెత్తిన వెట్టుకచ్చినవ్? గుడ్లు వెట్టిందా?" అన్నారట. ఏడుస్తూ వచ్చింది. అమ్మ కత్తెర తీసింది. బాపమ్మ మూలలోంచి దేక్కుంటూ వచ్చి ఆ చేయి పట్టుకుంది. ఆ వానాకాలమే బాపు పనిచేసే చోట పైకప్పు కూలింది. పక్కనే ఉన్న మనిషి లేవలేదు, బాపు లేచాడు. "నీ మొగడు ఎట్ల బయటవడ్డడనుకున్నవ్?" అంది బాపమ్మ. "ఎల్లమ్మ తల్లి అడ్డం నిలవడ్డది. ఇప్పుడు పోరి నెత్తి మీదికచ్చి కూసున్నది. కోత్తవా? కొయ్యి. రేపు వాడు మల్ల బాయిల దిగుతడు, యాది వెట్టుకో." అమ్మ కత్తెరను మేకుకు తగిలించింది. బాపు గుమ్మంలో కూర్చుని బూట్లకు తాళ్లు కట్టుకుంటూ అంతా విన్నాడు. రెండో బూటుకు కూడా కట్టుకుని డ్యూటీకి పోయాడు.

అక్క మళ్లీ బడికి పోలేదు. ముద్ద పెరిగి పగ్గంలా నడుం దాకా దిగింది. తల తిప్పాలంటే భుజాలతో సహా తిప్పేది. ఒక పక్కకే పడుకునేది. ఎండాకాలం దాని కింద చీము పట్టేది, పేలు పడేవి. ఆ వాసన ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరమూ ఆ ఊసెత్తేవాళ్లం కాదు. మంగళవారాలు వాడకట్టు ఆడవాళ్లు వచ్చి పసుపు కుంకుమలు పెట్టి పోయేవారు. దండం పెట్టడానికి చాలామంది వచ్చారు, పిల్లను అడగడానికి ఎవరూ రాలేదు. బాపు షిఫ్టులు బాపుకన్నా అక్కకే బాగా తెలుసు. ఆయన గొంతు వాకిట్లో వినపడేదాకా నడుం వాల్చేది కాదు.

డిగ్రీ రెండో ఏడులో నేను ల్యాబ్ నుంచి పీహెచ్ కాగితం ముక్క ఒకటి తెచ్చి, సబ్బు నీళ్లలో ముంచి అక్కకు చూపించాను. ముదురు నీలం అయింది. "ఇది తల్లి గాదక్కా, సబ్బు," అన్నాను, పెద్ద కొండ తవ్వినదానిలా. అక్క ఆ కాగితాన్ని వెలుతురులో పెట్టి చాలాసేపు చూసింది. "సబ్బే గావచ్చు," అంది. "కాని కోసినంక బాపుకు ఏమన్న అయితే, అమ్మకు గీ కాయితం జూపెడ్తవా?" కాగితం ఆరి రంగు వెలిసింది.

బాపు రిటైరైన రోజు, ఆఖరి షిఫ్టు చేసి మెడలో దండతో ఇంటికి వచ్చాడు. ఆయన గడప దాటి లోపలికి వచ్చాక అక్క లేచి, కత్తెర తీసుకుని స్నానాల గదిలోకి వెళ్లింది. అంత దళసరి జటకు కత్తెర సరిపోదు. చాలాసేపు కోసింది. బయటికి వచ్చేసరికి మెడ వెనకంతా గుంతలు గుంతలుగా, వెంట్రుక మొలవని చర్మం. అప్పటికి జట కట్టి పద్నాలుగేళ్లు. బాపు దండ తీసి చేతుల్లో తిప్పుతూ కూర్చున్నాడు. "నేనెన్నడు నమ్మలే బిడ్డా," అన్నాడు. "మరి ఒక్కనాడన్న కొయ్యుమని ఎందుకు చెప్పలే?" అంది అక్క, కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు. బాపు అన్నాడు, "రోజు బాయిల దిగాలె గదనే."

చాలా ఏళ్లు ఆ మాటకు నేను బాపును క్షమించలేదు. మొన్న సోమవారం, ఫస్ట్ షిఫ్ట్ మూడింటికి అయిపోయేదాకా నేను పాప తలను ముట్టలేదు. మా ఆయన వచ్చి, ముద్ద చూసి నవ్వి, "కెమిస్ట్రీ మేడం ఏమంటది మరి?" అన్నాడు. రేపు చూద్దామన్నాను. పాపకు మాత్రం నాయనమ్మ మాట చెవిన పడ్డది. "అమ్మా, ఆ తల్లిని కింద కూసోమను, నా మెడ గుంజుతున్నది," అంది.

మంగళవారం పొద్దున ఆయన డ్యూటీకి వెళ్లాక అక్కకు ఫోన్ చేశాను. గోలేటిలో బట్టలు కుడుతుంది, ఒక్కతే ఉంటుంది. అంతా విని మొదట అడిగిన మాట, "మరిది డ్యూటీకి వోయిండా?" పోయాడన్నాను. మిషను చప్పుడు ఆగింది. "అయితే ఇప్పుడే మొదలువెట్టు," అంది. "వచ్చినంక తీద్దామనుకోకు. రేపు మల్ల పోతడు గదా. కత్తెర వద్దు, పోరి భయపడ్తది. ఎంతసేపు వట్టినా ఇడిపియ్యి."

పదింటికి కూర్చున్నాను. సబ్బు కాదు, షాంపూ కూడా కాదు. గోరువెచ్చటి నీళ్లలో నిమ్మరసం కొన్ని చుక్కలు వేసి, ఎప్పటినుంచో దాచుకున్న పీహెచ్ కాగితం ముంచి చూశాను. ఎరుపు తేలింది, అంటే పులుపు ఎక్కువ, ఇంకా నీళ్లు కలిపాను. రంగు ఐదు దగ్గరికి వచ్చాక ముద్దను తడిపాను, పొలుసులు మళ్లీ పడుకోవాలని. దాని మీద కండిషనర్ పట్టించి, చివర నుంచి, దువ్వెనతో కాదు, వేళ్లతో, ఒక్కో పోగూ. అత్తమ్మ దేవుడి గూట్లో దీపం ముట్టించి వచ్చింది. వద్దనలేదు. "మెల్లగ," అంది ఒక్కటే, పాప తలను తన ఒళ్లోకి తీసుకుని. ఫోన్ ఒకసారి మోగింది, ఇద్దరం ఒకేసారి దాని వైపు చూశాం. గ్యాస్ బండ వాళ్లు. ఒంటిగంటకు ముద్ద సగమైంది, రెండున్నరకు రేగుపండంత, మూడు దాటాక ఆఖరి చిక్కు విడిపోయి, రాలిన వెంట్రుకలు కొన్ని నా వేళ్లకు చుట్టుకున్నాయి. నిద్రపోతున్న పాప మెడ మీద ఉంగరాలు తడిగా పడి ఉన్నాయి. మూడున్నరకు ఆయన లోపలికి వచ్చి, "అన్నం ఉన్నదా?" అన్నాక గానీ, పొద్దున్నుంచి మేమిద్దరం ఏమీ తినలేదని మాకు గుర్తు రాలేదు. ఒక షిఫ్టు ఎంత పొడవుంటుందో నాకు ఆ రోజు తెలిసింది. అక్క అట్లాంటివి పద్నాలుగేళ్లు గడిపింది, ఒక పక్కకే పడుకుని.