పదకొండో నంబరు జాగ

1991, ఎండాకాలం. హైదరాబాదులో ఒక పాత బంగళా మేడ మీద మా ఆఫీసు. ఊళ్ళల్లో మున్సిపాలిటీలు, పంచాయతీలు జనం మాట వినకపోతే ఆ జనం వచ్చి చెప్పుకునే చోటు అది. ఇంగ్లీషులో అంబుడ్స్‌మన్ అంటారు, మన దగ్గర లోకాయుక్త అన్నారు. పేరు గంభీరమే గాని పని మాత్రం నల్లా రావట్లేదని, మోరీ తీయట్లేదని, ఇంటి పర్మిషన్ తొక్కిపెట్టారని వచ్చే కాగితాలు చదవడం. నేనక్కడ విచారణాధికారిని. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడు ఊళ్ళ కాగితాలు నా బల్ల మీదికే వచ్చేవి. ఇప్పుడు చెప్పేది ఆ మూడింట్లో ఒక ఊరి సంగతి. ఏ ఊరో చెప్పను. అక్కడున్నది మున్సిపాలిటీయో పంచాయతీయో కూడా చెప్పను, దఫ్తరు అంటాను. ఎట్లాగైనా కూపీ లాగుదామనుకునే వాళ్ళకు ముందే ఒక దండం.

మా పద్ధతి ఇది. ఫిర్యాదు రాగానే నంబరు వేస్తాం. దఫ్తరుకు కాపీ పంపి ‘పారావైజ్ రిమార్క్స్’ అడుగుతాం, అంటే ఫిర్యాదులోని ఒక్కో పేరాకు ఒక్కో జవాబు. దాని మీద ఫిర్యాదుదారు రాసే ఎదురు జవాబును ‘రిజాయిండర్’ అంటారు. ఈ మూడు కాగితాలు చేతికొస్తే చాలు, కుర్చీలోంచి లేవకుండానే నిజం తేల్చేయొచ్చని నా నమ్మకం. అబ్బో, ఆ నమ్మకం అప్పట్లో నాకు జాస్తిగానే ఉండేది.

ఆ ఊళ్ళో కూరగాయల మార్కెట్లో ఉల్లిగడ్డలు అమ్ముకునే యాదగిరి అనే అతను ఫిర్యాదు పంపాడు. అఫిడవిట్ జత చేశాడు, అన్నీ పద్ధతి ప్రకారం ఉన్నాయి. “పదకొండో నంబరు జాగ నాకిచ్చిన్రు. ప్రతి అమాసకు ఒక ఆడమనిషి వచ్చి నా జాగల కూసుంటది. మాట్లాడదు. బండ మీద పాలు పోస్తది. ఆమె ఉన్నంతసేపు ఒక్క గిరాకీ రాదు. దఫ్తరోళ్ళకు చెప్తే వస్తున్నరు, ఆమె చేతిలున్న కాగితం చూసి వాపసు పోతున్నరు. ఆ కాగితం ఏందో చెప్తలేరు. ఆమెను లేపాలె, లేకుంటే నాకు వేరే జాగియ్యాలె.”

దఫ్తరు జవాబు నెల తర్వాత వచ్చింది. మొదటి పేరా నిజమే. రెండో పేరాలో చెప్పిన స్త్రీ ఎవరో మాకు తెలియదు. సదరు స్థలం మార్కెట్ కట్టకముందు ఖాళీ బంజరు, అందులో ఎప్పుడూ ఏమీ లేదు.

అక్కడ ఆగాను. అంతకుముందు ఆ నేల ఏమిటని యాదగిరి అడగలేదు. నేనూ అడగలేదు. అడగని దానికి ఎందుకు జవాబిచ్చారు? ఆ ఒక్క వాక్యం పట్టుకుని బస్సెక్కాను. ఫైలు వదిలి చోటు చూడటానికి పోవడాన్ని ‘స్పాట్ ఇన్‌స్పెక్షన్’ అంటారు. కావాలనే అమావాస్య రోజు చూసుకుని వెళ్ళాను.

పొద్దున తొమ్మిదింటికి మార్కెట్ కిటకిటలాడుతోంది. రేకుల షెడ్డు, కింద షాబాద్ బండలు, స్తంభాల మీద నీలం రంగు నంబర్లు. ఎక్కడికి పోయినా ముందు ఒక పటం గీసుకోవడం నా అలవాటు. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఏది ఖాళీ, అన్నీ గుర్తులు పెడుతూ పోయాను. గీస్తుంటే ఒక వింత కనపడింది. గంపకు గంప తగులుతున్నంత రద్దీలో, అక్కడక్కడా మూరెడు చోటు ఎవరూ ముట్టకుండా వదిలేశారు. కొత్తిమీర కట్టలు కూడా దాని అంచు దాకా వచ్చి ఆగిపోయాయి. పటంలో అలాంటి చోట్లన్నిటికీ అడ్డగుర్తులు వేశాను. ఒక దాని మీద కాలు పెట్టబోతే టమాటాలు అమ్మే ఆమె నా మోచెయ్యి పట్టి లాగింది.

“సారూ, ఆడ కాలు పెట్టకు.”

“ఎందుకమ్మా?”

“పెట్టకు. గంతే.”

“ఎవరు చెప్పారు పెట్టొద్దని?”

“ఎవ్వలు చెప్పలే,” అని మొహం తిప్పుకుని టమాటాలు తుడవడం మొదలుపెట్టింది. వంగి చూశాను. అక్కడ బండ కొంచెం లోపలికి కుంగి ఉంది.

పదిన్నరకు ఆమె వచ్చింది. మార్కెట్ చప్పుడు తగ్గింది. ఆగిపోలేదు, తగ్గింది, ఇంట్లో ఎవరో పడుకుంటే మనం గొంతు తగ్గించినట్టు. “ఆమెనే సార్,” అన్నాడు యాదగిరి నా చెవిలో. ఆమెను లేపమని అఫిడవిట్ ఇచ్చిన ఆ మనిషే, ఎవరూ చెప్పకుండానే బస్తాలు పక్కకు జరిపి చోటిచ్చాడు.

నలభై దాటిన మనిషి, ఎండకు మాడిన మొహం, చంకలో మూట. పదకొండో నంబరులో కుంగిన బండ పక్కన కూర్చుని మూటలోంచి సీసా తీసింది. మేకపాలు. కొంచెం కొంచెంగా బండ మీద పోసింది. ఆ పల్లంలో పాలు నిలిచాయి, ఆ తర్వాత బండల సందులోంచి మెల్లగా లోపలికి దిగిపోయాయి. నేను దగ్గరికి పోయేసరికి తలెత్తకుండానే ప్లాస్టిక్ కవరులోంచి మడతల కాగితం తీసి నా ముందు పెట్టింది. వచ్చిన ప్రతి ఒక్కరికీ అట్లాగే చూపిస్తుందని తెలుస్తూనే ఉంది.

విప్పాను. మూడు సింహాల బొమ్మ, గుండ్రటి ముద్ర, ఇంగ్లీషులో రెండు లైన్లు. మా ఆఫీసు కాగితం. మీ ఫిర్యాదు నిర్ణీత నమూనాలో లేదు, అఫిడవిట్ జతపరచలేదు, కనుక మూసివేయడమైనది. నాలుగేళ్ళ కిందటి తారీఖు. కింద సంతకం నాది.

ఏ ఫిర్యాదో నాకు గుర్తు కూడా లేదు. అటువంటి కాగితాల మీద రోజుకు ఎన్ని సంతకాలు పెట్టేవాణ్ణో!

“సదువు సారూ,” అంది ఆమె. “ఏం రాసిన్రో నాకు ఎవ్వలు సదివి చెప్పలే. షెడ్డు ఏస్తరని తెలిసినప్పుడు ఒక పంతులుతోటి అర్జీ రాయించిన. గిది వచ్చింది.”

అబద్ధం చెబుదామని నోటిదాకా వచ్చింది. “నీ ఫిర్యాదు మూసేసినం అని ఉందమ్మా. రాసింది నేనే.”

“నువ్వేనా?” అని నా మొహం చూసింది. “మంచిగనే రాసినవ్ సారూ. సింహాల ముద్ర సూపెడితే ఇన్నొద్దులు నన్ను ఎవ్వడు లేపలే.”

ఆమె నన్ను దెప్పలేదు. నిజంగానే అంది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది.

ఆమె పేరు కొమురమ్మ. గొర్లు మేపుకునే కుటుంబం. పదకొండేళ్ళ కింద మంద తోలుకుంటూ వచ్చి ఈ ఊరి బయట చేలల్లో దిగినప్పుడు నొప్పులొచ్చాయి. దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. తొమ్మిదో రోజు పోయింది. అప్పట్లో ఇది పసిపిల్లల్ని పూడ్చే నేల, బాలింత ఇక్కడికి రాగూడదని ఆమెను రానియ్యలేదు. భర్త ఒక్కడే తీసుకుపోయి ఇక్కడ పెట్టి వచ్చాడు. ఆ భర్త ఇప్పుడు లేడు. చోటు చూపించేవాళ్ళెవరూ లేక, బండ కుంగి ఉంటే ఇదే కావచ్చనుకుని కూర్చుంటోంది.

“నీకేం కావాలమ్మా?” అన్నాను.

ఆమె షెడ్డు బయటికి చెయ్యి చూపింది. అక్కడ ఖాళీ నేల మీద సున్నపు గీతలు పోసి ఉన్నాయి, కంకర కుప్పలు పోసి ఉన్నాయి. సోమవారం నుంచి రెండో షెడ్డుకు పునాదులు తవ్వుతారు. “గిదంత తవ్వుతరంట. గీడ లేకుంటె ఆడుంటది గద. నా బిడ్డకు పలుగు తగలకుండ సూడు సారూ. నాకింకేమొద్దు.”

అప్పటిదాకా చీపురు పట్టుకుని ఓ పక్కన నిలబడ్డ ముసలాయన గొంతు సవరించుకున్నాడు. రాజయ్య. ఒకప్పుడు ఆ నేలకు కాపలా మనిషి, గుంతలు తవ్వింది కూడా ఆయనే. షెడ్డు వేశాక అదే నేల ఊడ్చే పని ఇచ్చారు. “నాకు ఎరుకే సారూ,” అన్నాడు. “చెప్తే నా నౌకరి పోతది.”

“నువ్వేం చెప్పకు. నడువు. రాసేది నేను.”

చీపురు పక్కన పెట్టాడు. పాత ప్రహరీ గోడ ఒక మూల ఇంకా మిగిలి ఉంది. దానికి వీపు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. తర్వాత మడమకు వేలు ఆనిస్తూ అడుగులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆగాడు.

“చివ్వెంల ఊరోళ్ళది. మగపిల్లగాడు. మూడొద్దులు బతికిండు.”

మళ్ళీ నడిచాడు. “సాగర్ కాలువ కూలికొచ్చినోళ్ళది. కవలలు. ఒక్కతాన్నే పెట్టిన.”

కళ్ళు తెరవలేదు. అంత రద్దీలో ఒక్క గంపకు తగల్లేదు. ఆయన వస్తుంటే అమ్మేవాళ్ళు ఉన్నవాళ్ళు ఉన్నట్టే లేచి నిలబడ్డారు. ఒక్కరూ ఇదేంటని అడగలేదు. తక్కెడలు కింద పెట్టేశారు. నేను పటం పట్టుకుని వెనకాలే నడుస్తున్నాను. షెడ్డు కింద పదిహేడు చోట్ల ఆగాడు. ఆయన ఆగిన ప్రతి చోటా నా పటంలో అప్పటికే అడ్డగుర్తు ఉంది. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు.

తర్వాత ఒక ఇంజనీరును అడిగాను. పూడ్చిన గుంతలో మట్టి ఏళ్ళు గడిచేకొద్దీ దిగుతుందట, పైన బండ కుంగుతుందట, కుంగిన చోట గంప నిలవదు కాబట్టి ఎవరూ పెట్టుకోరట. సబబే. కానీ ఆ టమాటాల ఆమె నన్ను లాగిన లాగుడు గంప నిలవనందుకు కాదు, ఆ సంగతి నా మోచెయ్యికి తెలుసు.

దఫ్తరు చావుల రిజిస్టర్లో వీళ్ళెవరూ ఎందుకు లేరో కూడా తేలింది. ఇరవయ్యొకటో రోజు తొట్టెల్లో వేసి పేరు పెడతారు. ఆలోపు పోయిన పిల్లలకు పేరుండదు. పేరు లేకపోతే రిజిస్టర్లో మొదటి గడి నిండదు. గడి నిండకపోతే గుమాస్తా ఎక్కించడు. అట్లా కాగితం మీద అది ఖాళీ బంజరైపోయింది.

పదిహేడోది పదకొండో నంబరు జాగ. అక్కడ రాజయ్య ఆగి, “పాలకీడోళ్ళది. మగపిల్లగాడు. పన్నెండొద్దులు,” అన్నాడు.

కొమురమ్మ లేచి నిలబడింది. “నాది ఆడపిల్ల గద?”

రాజయ్య షెడ్డు దాటి ఎండలోకి నడిచాడు. రెండు సున్నపు గీతల మధ్య, సరిగ్గా పునాది తవ్వే చోట ఆగి కళ్ళు తెరిచాడు. “నీది గిది బిడ్డా.”

ఆమె ఆ నేల వంక చూసింది, మళ్ళీ తిరిగి పదకొండో నంబరు వంక చూసింది. “అయితే మూడేండ్ల సంది నేను ఎవలి కొడుక్కో పోసిననా?” అంది. “పోనియ్యి. ఆ తల్లికి తెల్వదు. తాగిండు గద, సాలు.”

నేను మా నమూనా తీసి అక్కడే రాయడం మొదలుపెట్టాను. ఈసారి అఫిడవిట్‌తో సహా, ఏ కొర్రీకి తావులేకుండా. పాప పేరు అన్న గడి దగ్గర ఆగాను.

“పేరు పెట్టలే సారూ.”

“ఇప్పుడు చెప్పమ్మా, రాసుకుంటాను. పేరుంటే కేసు గట్టిగా నిలబడుతుంది.”

ఆమె పెదాలు కదిలాయి. పేరొకటి ఉంది, నాకు తెలిసిపోయింది. అంతలోనే గట్టిగా తల అడ్డం ఊపింది.

“వద్దు. పేరు పెడితే పిలుస్త. నేను పిలుస్తే అది వస్తది. సన్నపిల్ల, గంత మట్టిలకెల్లి ఒక్కతే లేచి ఎట్ల వస్తది సారూ?”

ఆ గడి ఖాళీగానే వదిలేశాను.

అక్కడికక్కడ పని ఆపించే అధికారం నాకు లేదు. మేం సిఫారసు మాత్రమే చేయగలం. అయినా దఫ్తరు ఆఫీసరు గదిలోకి పోయి, పటం బల్ల మీద పరిచి, “సోమవారం పలుగు కింద ఏమొచ్చినా అది మీ సంతకం మీదే వస్తుంది, ఆలోచించుకోండి,” అన్నాను. ఆయన విచారణ అయ్యేదాకా తవ్వకం ఆపుతున్నట్టు రాసిచ్చాడు.

ఈలోగా యాదగిరికి బస్టాండు దగ్గర మంచి జాగ ఇస్తామన్నారు, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే చాలన్నారు. ఆయన తీసుకుంటే మొదటి ఫైలు పోతుంది, కొమురమ్మది కొత్త కాగితం, మళ్ళీ మొదటికి రావాలి. నేను ఆశ వదులుకున్నాను. విచారణ రోజు యాదగిరి తెల్లచొక్కా వేసుకుని హైదరాబాదు వచ్చాడు. “కింద పిల్లగాడున్నడని తెలిసినంక ఆని మీద ఇంకొకన్ని కూసోబెట్టి నేనెట్ల పోత సార్? నాకు వేరే జాగొద్దు,” అన్నాడు.

దఫ్తరు తరఫున వచ్చినాయన పట్టు వదల్లేదు. “పేరు లేదు, రిజిస్టర్లో లేదు, ఉన్నదని ఎట్లా నమ్మడం?” మా పెద్దాయన రిటైరైన జడ్జి, తక్కువ మాట్లాడతాడు. ఒక్కటే అడిగాడు. “ఎవరూ అడగకుండానే ఖాళీ బంజరని ఎందుకు రాశారు?” రెండో షెడ్డు అవతలికి జరపమని, ఆ నేల చుట్టూ కంచె వేయమని, కుంగిన బండలు కదపొద్దని సిఫారసు వెళ్ళింది. ఆశ్చర్యం, దఫ్తరు ఒప్పుకుంది. పలుగు దిగలేదు. రాజయ్య నౌకరీ కూడా పోలేదు.

అందరూ నన్ను మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఇంటికి పోయినా అన్నం సయించలేదు. నాలుగేళ్ళ కింద ఆ అర్జీ చదివి ఒక్కసారి బస్సెక్కి ఉంటే మొదటి షెడ్డే లేచేది కాదు. పదిహేడు గుంతల మీద బండలు పరిపించింది ఆ దఫ్తరే కాదు, నేను కూడా. అల్మారా తెరిచి నేను మూసేసిన ఫైళ్ళు దించాను. నమూనాలో లేదు, ఆధారం లేదు, రికార్డులో లేదు. అన్నిటి మీదా అదే చేతిరాత. ఒక్కొక్కరికి మళ్ళీ ఉత్తరాలు రాశాను. కొన్నింటికి జవాబొచ్చింది. కొన్ని, ఆ మనిషి చనిపోయాడని పోస్టుమాన్ రాసిన రాతతో వెనక్కొచ్చాయి.

ఆ కేసు తర్వాత ‘ఆధారం లేదు’ అని రాయడం మానేశాను. స్వయంగా పోని చోటైతే ‘నేను వెళ్ళి చూడలేదు’ అని రాసేవాణ్ణి. కొన్నాళ్ళకు పైఅధికారి ఒకాయన పిలిచి ఫైలు నా ముందుకు తోశాడు.

“ఇదేం రాతయ్యా? ఇట్లా రాస్తే ఈ ఫైలు ఎట్లా మూస్తాం?”

“మూయలేం సార్,” అన్నాను.