అమ్మ గీసిన ఎర్ర గీత

మా అమ్మకు చదువు రాదు. అయినా ఇంట్లో బైబిలు ఆమెదే. చదవడం వచ్చింది నాకొక్కదానికే కాబట్టి ఆరో తరగతి నుంచి ఆ పుస్తకం చదివే పని నా మెడకు చుట్టుకుంది. పొద్దున్నే చేపల గంప ఎత్తుకొని మీర్‌పేట బస్సెక్కే ముందు అమ్మ కొంగు నెత్తిన కప్పుకొని గడప దగ్గర కూర్చునేది. నేను చదవాలి. చదవకపోతే నాకు తిండి లేదు. తప్పు చదివితే తొడ మీద గిచ్చేది. అక్షరం ముక్క రాని మనిషికి నా తప్పు ఎలా దొరికేదంటే, పోయినసారి విన్నది ఆమెకు పొల్లుపోకుండా గుర్తుండేది. దేవుని ప్రేమ గురించిన వాక్యాలన్నీ నాకు తొడ మీద మచ్చలతో సహా కంఠతా వచ్చాయి.

ఆదివారం రేకుల షెడ్డు చర్చిలో పాస్టరుగారు ఏ వాక్యం మీద ప్రసంగిస్తే, సోమవారం నేను దాన్ని వెతికి ఎర్ర పెన్సిలుతో కింద గీత కొట్టాలి. గీత వంకర పోకుండా అమ్మ స్కేలు నొక్కి పట్టుకునేది. ఆ ప్రసంగాలన్నీ వాగ్దానాల మీదే. ఆశీర్వాదం, స్వస్థత, శత్రువుల ఓటమి. అందుకే మా బైబిలులో కొన్ని పేజీలు నలిగి, చేపల నీళ్ల మరకలు పడి, ఎర్రగా ఉండేవి. మిగతావి ఒకదానికొకటి అతుక్కొని, ఎవరూ ముట్టని కొత్త బట్టలాగా ఉండేవి.

మా చర్చిలో ఎవరైనా చనిపోతే పాస్టరుగారు సమాధి దగ్గరికి వాళ్ల సొంత బైబిలే తెమ్మనేవారు. అందులో వాళ్లు గీత కొట్టుకున్న వాక్యం ఒకటి చూసి పైకి చదివేవారు. "మన సహోదరి దీన్ని పట్టుకొనే జీవించింది" అనేవారు. అమ్మకు ఆ ఘట్టమంటే మహా ఇష్టం. తన రోజున ఏది చదువుతారోనని, పెళ్లికి చీర ఎంచుకునే మనిషిలాగా ముచ్చటపడేది.

మా బాపు చర్చి గడప తొక్కలేదు. పెద్ద చెరువులో వల వేసేవాడు, బోనాలకు పోచమ్మ గుడికి పోయేవాడు. అమ్మ మతం మీద ఆయనకు పెద్ద కోపం కూడా లేదు. "మీ దేవుడు మంచోడే గావొచ్చు. మీ అక్కలతోనే నాకు పడది" అనేవాడు. అక్కలంటే శుక్రవారం ఉపవాస ప్రార్థన నడిపే ఆడవాళ్లు. ఉపవాసం ముగిశాక వాళ్లు తినే తిండి చూసి ఆయన ఆ మాట అనేవాడు. నేను నవ్వితే అమ్మ నన్ను గిచ్చేది.

పెద్దయ్యాక ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకొని జాకెట్లు కుట్టడం మొదలుపెట్టాను. కరెంటు పోయి మిషను ఆగినప్పుడల్లా గీతలు లేని పేజీలు తెరిచి, మొదటి నుంచి వరసగా చదవసాగాను. అక్కడ వేరే మనుషులు ఉన్నారు. దేవుణ్ణి నిలదీసేవాళ్లు, పుట్టిన రోజును తిట్టుకునేవాళ్లు, ఏ తప్పూ చేయకుండానే బూడిదలో కూర్చొని పుండ్లు గోక్కునేవాడు. ముందు భయం వేసింది. ఆ తరువాత ప్రాణం కుదుటపడింది. గిచ్చుడుకు భయపడి చదివిన పిల్లను నేను, నిజంగా విశ్వాసినైంది ఆ పేజీల దగ్గరే. ఒకటి రెండుసార్లు వాటిని అమ్మకు చదవబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"అవి మనకు గావు బిడ్డా. గీతలున్నయి సదువు."

కొత్త సంవత్సరం రోజున ఆరాధన అయ్యాక స్టీలు పళ్లెంలో వాగ్దానం కార్డులు పెడతారు. ఒక్కొక్కరు కళ్లు మూసుకొని ఒకటి తీయాలి. అందులో ఉన్నది ఆ ఏడాదికి దేవుడు ఆ మనిషితోనే చెప్పిన మాట. కార్డులు కొట్టిన ప్రెస్సువాడికి ఆ సంగతి తెలుసో లేదో నాకు తెలియదు. ఆ ఏడు అమ్మ తీసిన కార్డులో ఆయుష్షు పెరుగుతుందని ఉంది. చర్చి బయట చెప్పులేసుకుంటూ అందరికీ చూపించింది. ఇంటికొచ్చి బైబిలులో దాచుకుంది.

ఎండాకాలం వచ్చేసరికి ఆమె కడుపులో గడ్డ బయటపడింది. పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోతే, ఆలస్యమైంది, ఇంట్లోనే బాగా చూసుకొమ్మన్నారు. తీసుకొచ్చి ముందు గదిలో నా మిషను పక్కన మంచం వేశాము.

మరుసటి శుక్రవారమే అక్కలు వచ్చారు. ప్రార్థన చేశారు, ఏడ్చారు, టీ తాగారు. ఆ తరువాత వాళ్లలో పెద్దామె కార్డు తీయించి నాతో చదివించింది. విని తల పంకించింది.

"వాక్యం తప్పదక్కా. ఆయుష్షు ఇస్తనన్నడు, ఇస్తడు. మరి అందుతలేదంటే అడ్డం నీ లోపల్నే ఉన్నది. ఏం దాశిపెట్టినవో జర యాది చేసుకో."

నాకు ఒళ్లు మండింది. అమ్మ మాత్రం బడిలో ప్రశ్న అడిగిన పిల్లలాగా ఆలోచనలో పడింది. చివరికి, తూకంలో త్రాసు పళ్లెం కింద వేలు పెట్టేదాన్నని ఒప్పుకుంది. అక్కలు సంతోషపడి పాట పాడారు. గడ్డకు ఆ పాట వినబడలేదు. వచ్చే శుక్రవారానికి అమ్మ ఇంకొకటి వెతికిపెట్టింది. నాకు చిన్నప్పుడు తట్టు పోసినప్పుడు, చర్చికి తెలియకుండా పోచమ్మకు బెల్లం నీళ్లు పంపిందట.

పెద్దామె పెదవి విరిచింది. "గివి చిన్న చిన్నయి అక్కా. పాపం ఏరు ఇంకా లోపల ఉన్నది."

వారమంతా అమ్మ నిద్రలో కూడా ఆ పాపపు వేరు కోసం తవ్వుకుంది. నొప్పి తట్టుకోలేక కాదు, దేవుడు తన మీద అలిగాడన్న దిగులుతో కుమిలింది. "వద్దమ్మా, దేవుడు గట్లాంటోడు కాదు" అని నేను ఎంత చెప్పినా వినలేదు. "మరి కార్డుల అట్ల ఎందుకున్నది?" అనేది.

మూడో శుక్రవారం ఆమె మా ఇంటి పాత గాయాన్నే తవ్వి తీసింది. నాకంటే ముందు అమ్మకొక కొడుకు పుట్టి, ఏడాది నిండకముందే జ్వరంతో పోయాడు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరమూ ఎత్తేవాళ్లం కాదు.

"పిలగానికి ఒళ్లు కాలుతుండంగ గంపెత్తుకొని హయత్‌నగర్ పోయిన. అచ్చేటాలకు సచ్చిపోయి ఉన్నడు. నేనే సంపుకున్న అక్కా" అంది అమ్మ.

అక్కల మొహాలు వెలిగిపోయాయి. నేను ఆ వెలుగును చచ్చేదాకా మరిచిపోను. వేరు దొరికిందని పెద్దామె చప్పట్లు కొట్టింది. గదిలో పాట మొదలైంది. అప్పుడే చెరువు నుంచి వచ్చిన బాపు, వల భుజాన అట్లాగే ఉండగా గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు.

"ఆ పొద్దు దాన్ని గంపెత్తిచ్చి బస్సెక్కిచ్చింది నేను" అన్నాడు. "పోను, పిలగాడు మంచిగ లేడు అని మొత్తుకున్నది. చేపలు మురిగిపోతయని నేనే ఎళ్లగొట్టిన."

పాట ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఆయన నోట ఆ మాట నేను వినడం అదే మొదలు. పెద్దామె వెంటనే తేరుకొని, "అన్నా, అయితే నువ్వే ఒప్పుకోవాలె. నువ్వు మోకాలేస్తె అక్క లేస్తది" అంది.

"లేస్తదా?"

"విశ్వాసం ఉంటే లేస్తది."

బాపు వల కింద పెట్టాడు. పోచమ్మ ముందు తప్ప ఎక్కడా వంగని మనిషి, తడిసిన లుంగీతో సిమెంటు గచ్చు మీద మోకాళ్లూనాడు. దండం ఎట్లా పెట్టాలో తెలియక రెండు చేతులూ మంచం పట్టె మీద ఆనించాడు. "నేనే సంపిన. దాన్ని ఇడిశిపెట్టు" అన్నాడు. ఎవరితో అంటున్నాడో ఆయనకే తెలిసినట్టు లేదు. తరువాత తలెత్తి అమ్మ వైపు చూశాడు. నిజంగానే లేస్తుందేమోనని చూశాడు. అమ్మ లేవలేదు. పక్కకు తిరిగి పసరు కక్కుకుంది.

"అన్న విశ్వాసంతోని చెప్పలే" అంది పెద్దామె, పక్కామెతో.

కత్తెర నా చేతిలోనే ఉంది. దాన్ని మిషను మీద పెట్టి, అక్కలందరినీ బయటకు నడవమన్నాను. వాళ్ల చెప్పులు వాకిట్లోకి విసిరి తలుపు వేశాను. ఇంతవరకూ ఆ పనికి నేను బాధపడలేదు.

బాపు అమ్మ మూతి తుడిచాడు. నేను బైబిలు తీసుకొని గీతలు లేని పేజీ ఒకటి తెరిచాను. ఈసారి అమ్మ చెయ్యి అడ్డం పెట్టలేదు. అది ఒక కీర్తన. అందులో మనిషి మొదటి నుంచి చివరి దాకా మొరపెడుతూనే ఉంటాడు. నన్నెందుకు వదిలేశావని అడుగుతాడు. తప్పు ఏమిటో ఎవరూ చెప్పరు, జవాబు రాదు. మిగతా కీర్తనల్లాగా చివర్లో స్తుతి కూడా ఉండదు. చీకటితోనే ముగిసిపోతుంది.

అమ్మ తల పేజీ వైపు తిప్పింది.

"గిది గూడ గండ్లనే ఉన్నదా?"

"అవ్ అమ్మా."

"దేవుడు తీసి పారెయ్యలేదా?"

"లేదు. ఉంచుకున్నడు."

"ఇన్నేండ్లు నాకెందుకు సదవలే?" అని, నేను ఏదో చెప్పబోయేలోపే, "నేనే వద్దన్న గదా" అంది. తరువాత చెయ్యి చాపి ఎర్ర పెన్సిలు అడిగింది. నేను స్కేలు తీసుకురాబోతే వద్దంది. పెన్సిలు పిడికిట్లో పట్టుకొని తనే గీసింది. గీత అక్షరాల మీదుగా పోయి, పక్క పేజీలోకి దిగింది. ఆమె జీవితంలో గీసిన గీత అదొక్కటే. ఆయుష్షు కార్డును ఆ పేజీలో పెట్టమంది. ఆ రోజు నుంచి తప్పులు వెతుక్కోవడం మానేసింది. నొప్పి తగ్గలేదు, కానీ దేవుడు అలిగాడన్న మాట మళ్లీ ఆమె నోట రాలేదు. రోజూ అదే కీర్తన చదివించుకునేది. ఒకరోజు నేను ఒక మాట తప్పు చదివితే తొడ మీద గిచ్చింది. ఆ వేళ్లలో బలం లేదు. నాకు ఏడుపు ఆగలేదు.

వానలు పడి చెరువులోకి నీళ్లొచ్చే వేళకు అమ్మ పోయింది. సమాధుల తోటలో అక్కలందరూ తెల్ల చీరల్లో వచ్చి, నాకు దూరంగా నిలబడ్డారు. ఒప్పుకోలు పూర్తి కాలేదని వాళ్లు గుసగుసలాడుకోవడం నాకు వినబడింది. పాస్టరుగారు అమ్మ బైబిలు అడిగి తీసుకున్నారు. కార్డు పెట్టి ఉన్న చోట అది దానంతటదే తెరుచుకుంది. ఎర్ర గీత చూసి ఆయన ముఖం విప్పారింది.

"మన సహోదరి దీన్ని పట్టుకొనే జీవించింది" అని గొంతు సవరించుకొని మొదలుపెట్టారు. రెండు మాటలు చదివారో లేదో ఆగిపోయారు. కళ్లతో కిందికి వెతికారు. మంచి మాట ఎక్కడైనా వస్తుందేమోనని వెతుకుతున్నారు. రాదని నాకు తెలుసు. ఆయన పేజీ తిప్పబోయారు.

"ఎందుకు ఆపినవ్ సారూ?" అన్నాడు బాపు, మట్టి కుప్ప పక్కన చెప్పులు లేకుండా నిలబడి. "మొత్తం సదువు. ఆమె సొంతంగ గీసుకున్నది గదొక్కటే."

పాస్టరుగారు చదివారు. ఒక్కో మాటా నోట్లో ముల్లులాగా గుచ్చుకుంటున్నట్టు, చివరి చీకటి దాకా చదివారు. పుస్తకం మూశాక ఆమెన్ అనడానికి ఎవరికీ నోరు రాలేదు. అక్కలు నేల చూపులు చూస్తున్నారు. బాపుకు ఆమెన్ అనే మాట అలవాటు లేదు.

"అవ్" అన్నాడు, వంగి గుప్పెడు మట్టి తీసుకుంటూ.