ఎనిమిది జానల పెళ్లికొడుకు

ఆ రోజుల్లో మా చిత్తూరు వైపు బావి లోతు మట్లలో, మల్లెపూలు మూరల్లో, తిరుపతి దూరం ఆమడల్లో ఉండేవి. వాటన్నిటినీ అడుగులు, మైళ్లుగా మార్చే పని నాది. యుద్ధకాలంలో ఒక చిన్న వారపత్రికలో చేరిన కొత్త విలేకరిని. "మూరా బారా మన పేపర్లో కనపడగూడదు" అని సంపాదకుడు చెప్పినందున, జాన అంటే తొమ్మిది అంగుళాలు, రెండు జానలు మూర, రెండు మూరలు గజం అని రాసుకున్న చీటీ ఎప్పుడూ జేబులో ఉండేది. (ఆ చీటీ ఉన్నవాడికి కళ్లతో పెద్దగా పని లేదని అప్పట్లో నా అభిప్రాయం.)

మా చిన్నమామకు పలమనేరు సంబంధం వచ్చింది. పిల్ల పొడగరి, అయిదడుగుల ఆరంగుళాలు. ఆ కారణంగానే ఆమెకు రెండు సంబంధాలు తప్పిపోయాయట. అందుకని అబ్బాయి ఎత్తు ముందే తెలియజేయమని పిల్ల తండ్రి జాబు రాశాడు. మామకు అప్పటికే ముప్పై దాటాయి. ఇదీ తప్పితే ఇక తాను ఎక్కడికీ తిరగలేనని మా అవ్వ చెప్పేసింది. మామను గోడకు నిలబెట్టి, తల మీదుగా బొగ్గుతో గీత గీసి, అతని చేత్తోనే కొలిపించింది. "ఎవురి ఒళ్లు వాళ్ల సేత్తోనే కొలవాల. ఎనిమిది జానలు. రాయిరా అబ్బోడా." నేను చీటీ తీశాను. ఎనిమిది తొమ్ముల డెబ్భైరెండు అంగుళాలు, అంటే ఆరడుగులు. నేను ఆరడుగులకు ఆరంగుళాలు తక్కువనీ, మామ నా చెవి దాకా వస్తాడనీ నాకు తెలుసు. అయినా లెక్క లెక్కే గనక, జాబులో ఆరడుగులని రాసి కింద గీత కూడా గీశాను.

బొగ్గుతో నడిచే బస్సు మొగిలి కనుమలో రెండుసార్లు ఆగి, మమ్మల్ని పలమనేరు చేర్చేసరికి మధ్యాహ్నమైంది. వాళ్ల వసారాలో వేలాడే లాంతరును, అబ్బాయి తలకు తగలకుండా, దూలానికి ఎత్తి కట్టారు. మామ దాని కిందుగా నిటారుగా నడిచి లోపలికి వెళ్లాడు. పిల్ల తండ్రి మామ తల మీదుగా వీధిలోకి చూసి, "పెండ్లికొడుకు ఎనక బస్సులో వస్తా ఉండాడా?" అన్నాడు. "నేనే" అన్నాడు మామ. "ఆరడుగులని రాసినారే?" "అడుగుల మాట నేను యాడ సెప్పినాను? ఎనిమిది జానలు. కావాలంటే కొలుసుకో నాయనా" అంది అవ్వ. ఆయన మామను గోడకు నిలబెట్టి తన చేత్తో కొలిచాడు. ఏడు కూడా నిండలేదు. అందరూ నా వైపు చూశారు. నేను చీటీ చూపించాను. ఆయన నిదానంగా చదివి, "ఈ జాన ఎవురిదప్పా?" అన్నాడు. చీటీలో ఆ సంగతి లేదు.

మామ చెప్పుల కోసం చూస్తున్నాడు. అప్పుడు తలుపు వెనక కాసేపు గాజుల చప్పుడైంది. తర్వాత పిల్ల గొంతు వినిపించింది. "నాయనా, నేనూ నా సేత్తో కొలుసుకున్నా. ఎనిమిదే. ఆయప్ప ఎనిమిది, నేను ఎనిమిది. ఇంగ హెచ్చెవురు, తగ్గెవురు?" తండ్రి చీటీ మడిచి నా చేతికిచ్చాడు. "సరే. లగ్నపత్రిక మాత్రం ఈ పేపరప్ప రాయగూడదు" అన్నాడు. మామ చెప్పులు వదిలి మళ్లీ చాప మీద కూర్చున్నాడు.

మొన్న ఆస్పత్రిలో నన్ను కొలిచిన అమ్మాయి నూట అరవై అయిదు సెంటీమీటర్లని రాసుకుంది. చీటీ ఎప్పుడో పోయినా లెక్క పోలేదు: అయిదడుగుల అయిదంగుళాలు, అంగుళం తగ్గాను. ఇంటికొచ్చి తలుపు వేసుకుని, గోడకు నిలబడి, పెన్సిలుతో గీత గీసి జానలు వేసి చూశాను. ఎనిమిది. చెయ్యి కూడా నాతోపాటే తగ్గుతూ వస్తున్నట్టుంది.