తెల్లబడిన పగడం

నిరుడు వేసవి. ఏలూరులో చేపల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో నేను పనిచేస్తున్నాను. కొల్లేటి రైతులు సీసాల్లో నీళ్ళు తెస్తారు. ఆక్సిజన్, అమ్మోనియా చూసి చెబుతాను. పగడాల సంగతి చదువుకున్నదే తప్ప చూసింది లేదు.

ఒకరోజు పొద్దున్నే తాడేపల్లిగూడెం నుంచి చెరువుల రైతు వెంకటరత్నం గారు ఫోన్ చేశారు. "మేడం గారండీ, మా ఇంట్లో ఉప్పునీళ్ళ ట్యాంకులో పగడాలు తెల్లబడిపోతున్నాయండీ. ఒక్కసారి రాగలరా?"

వెళ్ళాను. ట్యాంకుకున్న చిల్లర్, అంటే నీటిని చల్లగా ఉంచే యంత్రం, పాడైంది. నీళ్ళు గోరువెచ్చగా తగిలాయి. రెండు పగడాలూ సున్నం కొట్టినట్టున్నాయి.

"చచ్చిపోయాయాండీ?" అన్నారు ఆయన భార్య వరలక్ష్మి గారు.

"ఇంకా లేదండీ. పగడం రాయి కాదు, ప్రాణి. దాని ఒంట్లో కంటికి కనపడనంత చిన్న నాచు ఉంటుంది. రంగూ తిండీ దానివల్లే. వేడెక్కితే ఆ నాచుని బయటికి గెంటేస్తుంది. ఆ తర్వాత ఆకలితో చస్తుంది."

వెంకటరత్నం గారు ఐసుగడ్డ ఎత్తి ట్యాంకులో వేయబోయారు. గబుక్కున చెయ్యి పట్టుకున్నాను. మంచినీళ్ళు కలిస్తే ఉప్పు తగ్గి అదో దెబ్బ. ఐసుని సీసాల్లో బిగించి తేలేశాం, నీళ్ళ మీదికి ఫ్యాను తిప్పాం. ఒక్కసారిగా చల్లబడకూడదు. ముగ్గురం థర్మామీటరు వంకే చూస్తూ కూర్చున్నాం.

"ఇవి ఎక్కడివండీ?" అని అడిగాను.

"తెలిసినాయన తెచ్చిచ్చాడు. సముద్రంలో విరిచినవేనేమో, అడగలేదండీ," అన్నారు వెంకటరత్నం గారు.

ఇలాంటి పగడాలు ఇంట్లో ఉంచుకోవడం వన్యప్రాణి చట్టం కింద నేరమని, అటవీశాఖకి అప్పగించాలని చెప్పక తప్పలేదు. వరలక్ష్మి గారి మొహం పాలిపోయింది. "ఫారెస్టువాళ్ళకి చెబితే ఈయన్ని పట్టుకుపోతారేమోనండీ!"

ఆయన తన ఫోను తీసి నా చేతికిచ్చారు. "మన దగ్గర ఇవి బతకవు. వాళ్ళ దగ్గరైతే బతుకుతాయేమో. ఫోన్ చెయ్యండి మేడం గారూ," అన్నారు.

అధికారులు వచ్చి వాంగ్మూలం రాసుకుని, పగడాల్ని సముద్రపు నీళ్ళ పెట్టెల్లో తీసుకెళ్ళారు. ఒకటి దారిలోనే పోయింది. రెండోదానికి కొన్ని వారాలకి అంచుల్లో గోధుమరంగు తిరిగిందట, అంటే నాచు మళ్ళీ చేరుతోందన్నమాట. వెంకటరత్నం గారు ఇప్పటికీ విచారణకి తిరుగుతున్నారు.

ఆ రోజు నేను బయల్దేరేటప్పుడు వరలక్ష్మి గారు అడిగారు: "ఇక్కడైతే ఐసు వేశాం. సముద్రమే వేడెక్కితేనో?"

ఆ కేసు నేర్పింది ఇదే: తెల్లబడ్డ పగడం ఇంకా బతికే ఉంటుంది, చల్లబరచడానికి మనకి కొంత వ్యవధి ఇస్తుంది. ఎంత వ్యవధో మాత్రం చెప్పదు.