పెరగని పడవ

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో ఒక పడవ మునుగుతుంది. పూర్తిగా కాదు, సగమే. మునగని సగం మీద మా నాయన కూర్చుని ఉంటారు, తెల్ల పంచెతో, చేతిలో గొడుగుతో. ఆయన్ని అక్కడ కూర్చోబెట్టిన ఘనుణ్ణి నేనే. నవ్వదలచినవాళ్ళు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు, నేనేమీ అనుకోను. మా ఇంట్లోవాళ్ళు ఎప్పుడో మొదలుపెట్టారు, ఇంకా ఆపలేదు.

పుదుచ్చేరి కోసపాళయంలో మాది పిల్లల బట్టల అంగడి. తాత కాలం నుంచీ ఉంది. బడులు తెరిచే ముందు యూనిఫారాల కోసం తల్లులు పిల్లల్ని లాక్కుంటూ వస్తారు. వచ్చిన ప్రతి తల్లికీ నాయన చెప్పే మాట ఒక్కటే: "ఒక సైజు పెద్దది తీస్కోమ్మా. పెరిగే బిడ్డ." ఆ మాట నేను ఉయ్యాల్లో ఉండగానే విని ఉంటాను. మా పేటలో సగం మంది మోకాళ్ళు దాటిన నిక్కర్లలో పెరిగి పెద్దవాళ్ళయ్యారంటే ఆ పుణ్యమంతా మాదే.

అంగట్లో గల్లాపెట్టె దగ్గర ఎవరైనా కూర్చోవచ్చు. సరుకు ఎంచడానికి ఈరోడ్డు ఊరి గుడ్డల సంతకు వెళ్ళడం మాత్రం నాయన ఒక్కరి హక్కు. మా ఇంటికి అది కిరీటం. నాయనకు మోకాళ్ళ నొప్పులు పట్టుకుని బస్సెక్కడం కష్టమయ్యాక ఆ కిరీటం నా తలమీదికి వస్తుందని ఎదురుచూస్తున్నాను. కొత్తగా పెళ్ళయినవాణ్ణి. భార్య ముందు కిరీటం పెట్టుకుని తిరగాలని ఎవరికుండదు చెప్పండి?

కాకపోతే నాయనకు నా మీద నమ్మకం లేదు. ఉండే దారి నేనే మూసేశాను. నీలం గుడ్డ తాను ఒకటి విప్పితే చాలు, నాకది నీళ్ళలా కనిపించేది. బల్ల మీద మడతలు మడతలుగా పారేది. ఎదురుగా ఎవరో ఒకామె "కాలరు చూపించబ్బా" అంటూ ఉంటే, నేను ఊరికి దక్షిణాన చున్నాంబారు ఏటి నీళ్ళ మీద, కొబ్బరి నీడల్లో, గాలం వేసుకుని కూర్చుని ఉండేవాణ్ణి. పక్కన నా భార్య వసంత, ఆమె ఒళ్ళో క్యారియరు. చేపలు వరసలో వచ్చి గాలానికి తగులుకునేవి.

"ఒరే, యాడుండావు?" అనేవారు నాయన.

"ఇక్కడే నాయనా."

"ఈడ నీ చెప్పులుండాయి. నువ్వు యాడుండావని అడుగుతాండా."

చివరికి ఒకరోజు ఆయనే దారి చూపించారు. "సరే, ఏదో ఒక వస్తువు నువ్వే చూసి, నువ్వే ఎంచి కొనుక్కొనిరా. నేను నోరు తెరవను. అది బాగుంటే ఈ తూరి ఈరోడ్డుకు నువ్వే పో."

ఏదో ఒక వస్తువు అన్నారు. టేబుల్ ఫ్యాను కొని ఉండవచ్చు. మంచి కుక్కరు కొని ఉండవచ్చు. ఈపాటికి ఈరోడ్డులో నన్ను చూసి వ్యాపారులు లేచి నిలబడుతూ ఉండేవాళ్ళు. నేను వెళ్ళి చేపల వేటకు పడవ కొన్నాను.

సోలై నగర్‌లో ఆరుముగం అన్న అని మాకు పాత గిరాకీ. ఆయన పిల్లలందరూ మా నిక్కర్లలోనే పెరిగారు. సముద్రం మీదికి వెళ్ళే పెద్ద పడవ కాక, ఆయన దగ్గర ముగ్గురు పట్టే చిన్న ఫైబరు పడవ ఒకటి ఖాళీగా పడి ఉందని విని వెళ్ళాను. ఇసుకలో పక్కకి ఒరిగి నిద్రపోతున్నట్టుంది. లేత నీలం. సరిగ్గా నా కలలో రంగే. నా గుండె అప్పుడే దానిలోకి ఎక్కి కూర్చుంది.

అయినా వ్యాపారి బిడ్డను కదా, పరీక్షించకుండా కొంటానా? అంచు పట్టుకుని వేళ్ళతో నలిపి చూశాను. వంగి లోపలి వైపు రంగూ బయటి వైపు రంగూ ఒకటేనా అని చూశాను. నీడలో చూస్తే రంగు మోసం చేస్తుందని ఎండలోకి లాగించాను.

ఆరుముగం అన్న బీడీ తీసి చేతిలోనే పట్టుకుని నిలబడిపోయాడు. "తంబీ, ఇది పడవ. పావడా గుడ్డ కాదు."

"రంగు దిగదు కదన్నా?"

"దిగితే సముద్రంలోకే దిగుతాది, నీ చొక్కాకు అంటుకోదులే!"

అంత గ్యారంటీ ఎవరిస్తారు? తీసేసుకున్నాను.

ఇక మోటారు. బజార్లో మోటార్ల షాపాయన మర్యాదస్తుడు. "బోటు ఏ సైజు సార్?" అని అడిగాడు.

"ముగ్గురు పట్టేది. చున్నాంబారులో తిరగడానికి."

"అయితే ఇది చాలు సార్," అని చిన్న మోటారొకటి చూపించాడు. వంటింట్లో పెడితే మిక్సీ అనుకునేలా ఉంది. దాని పక్కనే నల్లగా నిగనిగలాడుతూ ఇంకొకటి ఉంది, బియ్యం మూటంత. నేను దాన్ని చూశాను. అది నన్ను చూసింది. అప్పుడు నా నోరు, నన్నడగకుండానే, మా ఇంటి మాట అనేసింది:

"ఒక సైజు పెద్దది ఇవ్వండి."

"మీ బోటుకి ఎక్కువవుతుంది సార్."

"ఇప్పుడు ఎక్కువే. పోను పోను సరిపోతుంది."

షాపాయన నా ముఖంలోకి కాసేపు చూశాడు. గిరాకీతో వాదన పెట్టుకోకూడదని ఆయనకీ వాళ్ళ నాయన నేర్పి ఉంటాడు. ప్యాక్ చేయించాడు.

మోటారు ఇంటికి వచ్చాక వసంత దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. వసంతది కిరుమాంబాక్కం, వ్యవసాయం చేసే ఇల్లు. పంపుసెట్ల మధ్య పెరిగిన పిల్ల.

"బాగుండాది. ఇది వెనకాల కూర్చుంటాది, సరే. మనం యాడ కూర్చుంటామండీ?"

"పడవలో."

"దీని పక్కన మనకు చోటిస్తాదా అని."

ఆడవాళ్ళకు మోటార్ల సంగతి ఏం తెలుసులెమ్మని నవ్వాను. ఆ నవ్వు కూడా ఒక సైజు పెద్దదే.

ఆదివారం పొద్దున పడవా మోటారూ లోడు బండిలో ఎక్కించి, నాయనా వసంతా నేనూ చున్నాంబారు ఒడ్డుకు చేర్చాం. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. కొబ్బరిచెట్లు తలకిందులుగా నిలబడి మమ్మల్నే చూస్తున్నాయి. దూరంగా ఒక కొంగ ఒంటికాలి మీద కలగంటోంది. అంత అందమైన పొద్దున్న నా జీవితంలో మళ్ళీ రాలేదు, అందుకే ఇప్పటికీ దాని మీద కోపం రాదు.

మోటారు బిగించగానే పడవ వెనక భాగం నీళ్ళలోకి వంగి చాలా వినయంగా నమస్కారం పెట్టింది.

"ఏందిరా, వెనక అంత దిగిపోయింది?" అన్నారు నాయన. అని, వెంటనే నోరు మూసుకున్నారు. మాటిచ్చారు కదా.

"మీరు ముందు కూర్చుంటే సమానమవుతుంది నాయనా."

ఆయన పంచె ఎగగట్టి, గొడుగు విప్పి, ముందు కొసన కూర్చున్నారు. క్యారియరు మధ్యలో. నేను వెనక, మోటారు పక్కన. వసంతకు నిజంగానే చోటు లేదు. "మీరు ముందు పోయి రాండి, తర్వాత నేనొస్తా" అని ఒడ్డునే నిలబడింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు.

తాడు లాగాను. మోటారు గర్జించింది. కొంగ లేచిపోయింది.

ఆ తర్వాత జరిగింది నాకు ఇప్పటికీ చాలా నెమ్మదిగా గుర్తొస్తుంది. పడవ ముందుకు పోలేదు, పైకి పోయింది. నాయన గొడుగుతో సహా ఆకాశంలోకి లేచారు, ఉత్సవంలో పల్లకీ మీద స్వామిలా. నేను కిందికి దిగుతున్నాను. ఆయన కాళ్ళు నా తలకంటే ఎత్తులో ఉన్నాయి. నీళ్ళు నా వీపు వెనకనుంచి చల్లగా, ఏ తొందరా లేకుండా లోపలికి వచ్చి కూర్చున్నాయి.

"ఒరేయ్! దించరా!"

"దించుతున్నా నాయనా!"

"నన్నురా! పడవను కాదు!"

మోటారు ఒక గుక్క నీళ్ళు తాగి, దగ్గి, ఊరుకుంది. ఊరుకోగానే ముందు భాగం దబ్బున నీళ్ళ మీద వాలింది. పడవ సగం నిండింది కానీ మునగలేదు. నేను గబగబా మధ్యలోకి పాకి, క్యారియరు మూతతో నీళ్ళు తోడటం మొదలుపెట్టాను. సాంబారన్నం అప్పటికే చున్నాంబారులో కలిసిపోయింది.

"తెడ్డు యాడుంది?" అన్నారు నాయన.

"మోటారుంది కదా అని తేలేదు."

ఆయన గొడుగు సర్దుకుని ఒడ్డు ఎంత దూరముందో చూసుకున్నారు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది. నా ఈరోడ్డు కిరీటం నీళ్ళలో బుడగలు వదులుతూ కిందికి పోవడం నాకు కళ్ళారా కనిపించింది. ఏడుపొచ్చింది, నిజంగానే. తల వంచుకుని తోడుతూ ఉన్నాను.

సముద్రం పోటు మీదుంది. ఆ నీరు ఏట్లోకి ఎక్కి వచ్చి మా పడవను మెల్లగా పైకి, కొబ్బరితోటల వైపు తోసుకుపోతోంది. ఒడ్డు మీద వసంత మాతో సమానంగా నడుస్తోంది, షికారుకు వచ్చినట్టు. అంతటా నిశ్శబ్దం. నీళ్ళ మీద వెలుగు చిన్న చిన్న ముక్కలై ఊగుతోంది. చాలాసేపటికి నాయన గొడుగు మడిచి, కాళ్ళు రెండూ నీళ్ళలోకి వేలాడదీశారు.

"అప్పా! మోకాళ్ళకు ఎంత హాయిగా ఉండాదిరా," అన్నారు. ఇంకాసేపాగి, "ఇన్నేండ్లు అంగట్లోనే కూర్చుంటిని. ఈడ ఇన్ని నీళ్ళుండాయని నాకెవురూ చెప్పలేదే."

నేను తోడటం ఆపి ఆయన వైపు చూశాను. గుడ్డ తాను ముందు నేను కూర్చునే తీరులోనే కూర్చుని ఉన్నారు. అదే చూపు. ఆ చూపు నాకు ఎక్కడినుంచి వచ్చిందో ఆ రోజే తెలిసింది.

"చేపలు పడినాయా మామా?" ఒడ్డునుంచి వసంత కేకేసింది.

"ఒకటి నీళ్ళతోపాటు లోపలికొచ్చిందమ్మా. మోటారును చూసి, ఇరుకుగా ఉందని పోయింది!"

అక్కడ నీరు ఒక మలుపు తిరిగి పడవను ఒడ్డుకు దగ్గరగా తెచ్చింది. వసంత మోకాలి లోతు దిగి, "మీ కండువా ఇట్లా విసరండి మామా," అంది. నాయన ఒక కొస తను పట్టుకుని రెండో కొస విసిరారు. ఆమె దాన్ని చేతికి చుట్టుకుని లాగింది. పడవ, మోటారు, ఇద్దరు మగవాళ్ళు, సగం చున్నాంబారు, అన్నీ ఒడ్డుకు వచ్చాయి. కండువా మాత్రం చిరగలేదు.

"చూడు, నేను ఈరోడ్డులో ఎంచిన గుడ్డ!" అన్నారు నాయన గర్వంగా. తర్వాత వసంత వైపు తిరిగి, "అమ్మా, మోటారు ఇంటికొచ్చిన రోజు నువ్వు ఏందో అడిగినావంట గదా?"

"ఏం లేదు మామా. మనం యాడ కూర్చుంటామని అడిగితిని."

"ఈ తూరి ఈరోడ్డుకు నువ్వు పో."

"మరి నేను నాయనా?" అన్నాను.

"నువ్వు ప్రతి ఆదివారం నన్ను ఈడికి తీసుకురా." పడవ అంచును అరచేత్తో నిమిరి, "రంగు మాత్రం బాగా ఎంచినావురా," అన్నారు.

మోటారును ఆరుముగం అన్న బాగుచేయించి తన పెద్ద పడవకు పెట్టుకున్నాడు, బదులుగా మాకు ఒక జత తెడ్లు ఇచ్చాడు. ఈరోడ్డులో ఇప్పుడు వసంతను చూసి వ్యాపారులు లేచి నిలబడతారట. నేను అదే ఒడ్డున, చున్నాంబారు నీళ్ళు దోసిట పట్టి ప్రమాణం చేశాను: అన్నం తిని పెరిగేదానికి తప్ప మరే వస్తువుకూ, ఈ జన్మలో, ఒక సైజు పెద్దది కొనను. అది ఈనాటిదాకా తప్పలేదు.

ఆదివారం తెల్లవారగానే నాయన నాకంటే ముందు తయారై ఉంటారు. పడవలో ముందు కొసన కూర్చుని, గొడుగు విప్పి, ఈ చివరనుంచి ఆ చివరదాకా దాన్ని జాగ్రత్తగా చూసి అడుగుతారు:

"ఏమిరా, ఈ వారమన్నా పెరిగిందా?"

"లేదు నాయనా. ఇంకా అంతే ఉండాది."

"పోన్లే," అని కాళ్ళు నీళ్ళలోకి జార్చుకుంటారు. "మనిద్దరికీ సరిపోతాండాది."